డొల్ల మోత

సైదాపురం సంతలో పుచ్చకాయ కొనేటప్పుడు
నేను కాయను చూడను.
వేలి కణుపుతో తట్టి చెవి దించుతాను.
అంగడి పిల్లోడు నవ్వుతాడు,
"ఏంది తాతా, కాయ నీతో మాట్లాడతాదా?"
మాట్లాడతాది నాయనా.
రాయే మాట్లాడినప్పుడు కాయెంత.

ఇరవైరెండేళ్లు అభ్రకం గనిలో మేటుని.
మా ఆడోళ్లు దాన్ని కాకిబంగారం అంటారు.
తెల్లారి ఐదుకి, కూలోళ్ల కన్నా ముందు
నూట నలభై అడుగుల నిచ్చెన దిగి
గడ్డపారతో పైకప్పు తట్టేది నా పని.
ఖంగుమంటే గట్టి.
డొల్లుమంటే, రాయికీ రాయికీ నడుమ
గాలి దూరి కూర్చున్నట్టు.
ఆ రెండు మోతల నడుమ
మనిషి బతుకు ఎంత మందమో
నాకు తెలిసినట్టు డాక్టరుకీ తెలవదు.

ఆ శనివారం
ఎడమ సొరంగంలో, మూడో గుంజ దగ్గర
డొల్లుమనింది.
మళ్లా తట్టినా. మళ్లా అదే.
పైకొచ్చి మేనేజరు రామానుజం గారికి చెప్పినా.
కాఫీ గ్లాసు దించకుండానే ఆయన
"సరుగుడు గుంజలు సోమవారం వస్తాయి,
ఈ ఒక్క పూట చూసుకోండి" అన్నాడు.
చూసుకోడమంటే ఏందో ఆయన చెప్పలా.
నేనూ అడగలా.
రిజిస్టరు తెరిచినా.
రోజూ రాసే మాటని చెయ్యి తనంతట తానే రాసింది:
బాగుంది.
కింద నా సంతకం, తోక తిప్పి మరీ.

పన్నెండు బిళ్లలు తీసుకుని పన్నెండు మంది దిగినారు.
సాయంత్రం మేకుల చెక్క మీదికి
పదకొండు తిరిగొచ్చినాయి.
ఏడో మేకు ఖాళీ. చెంగయ్యది.
పొద్దున దిగతా దిగతా అడిగినాడు,
"ఎట్టుంది మేటన్నా?"
తల ఊపినా. అంతే.
అవునని ఊపినానో కాదని ఊపినానో
ఇప్పటికీ నా మెడని అడుగుతుంటా.

విచారణకి నెల్లూరు నుంచి జీపొచ్చింది.
మేనేజరు అన్నాడు: రాతపూర్వకంగా నాకెవరూ చెప్పలేదు.
నిజమే.
ఓనరు అన్నాడు: నేనుండేది గూడూరులో, గని మేనేజరు చేతిలో.
అదీ నిజమే.
గుంజల కంట్రాక్టరు: పాత బిల్లు ఇస్తే గదా కొత్త లారీ.
ఎవరు కాదంటారు?
ఇంక నేను. నేను రిజిస్టరు చూపించినా,
రోజూ తప్పకుండా రాస్తానండీ అని.
ఇన్ని నిజాల కింద పడి
చెంగయ్య మళ్లా చచ్చినాడు.

ఆరు నెలలకి, పొరలు తీసే కొట్టంలో
ఆయన పెండ్లాం రవణమ్మ కనిపించింది.
అభ్రకం దిమ్మని మా గనుల్లో పుస్తకం అంటాం.
కత్తి మొన దూర్చి ఆమె పేజీ పేజీ విప్పతా ఉంది,
పొర వెనకాల వేళ్లు కనపడేంత పల్చన.
తలెత్తకుండానే అనింది:
"చూడన్నా, మీరంతా చేసింది ఇదే గదా.
పొర పొర తీసి తలా ఒకటి పట్టుకున్నారు.
ఎవరి పొరలోంచి చూసినా అవతల ఏమీ అడ్డం లేదు.
ఆయన మింద పడింది పొర కాదన్నా.
దిమ్మ."

మొన్న మాలకొండయ్య అని ఒక పిల్లోడొచ్చినాడు.
పాత గని మళ్లా తెరుస్తున్నారంట,
మేటు పరీక్ష పాసయినాడంట.
"మోత నేర్పు తాతా" అన్నాడు.
మోతదేముంది, పది రోజుల్లో వస్తాది.
అరుగు మీద కూర్చోబెట్టి, సుద్దముక్క ఇచ్చి,
ఇరవైరెండేళ్లలో నేను ఒక్కసారీ రాయని మాట
రాయమన్నా.

బాగలేదు.

మళ్లా రాయి.
బాగలేదు.

"ఇట్ట రాస్తే పనిలోంచి తీసేస్తే?"

సులువయిన జవాబుంటే
ఆ రోజు నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.
"తీసేస్తారేమో" అన్నా.
"కింద సంతకం కూడా పెట్టు."

పెట్టినాడు, వంకరగా.
మధ్యలో సుద్ద విరిగింది.
మిగిలిన ముక్కతోనే
పేరు పూర్తి చేసినాడు.